దీపం కొడిగడితే ఎవరు చూడాలి?

పోయిన కార్తీకంలో ఒక సోమవారం సాయంత్రం అత్తయ్యగారిని సామర్లకోట భీమేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళాను. దీపాలు పెట్టుకుని, కాసేపు కూర్చుని, చీకటి పడ్డాక కాకినాడ బయల్దేరాం. కారు నేనే నడుపుతున్నాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కదా అని ముందు సీట్లో కూర్చోబెట్టాను. సగం దారిలో ఆవిడ ఇటు వంగి, స్టీరింగు వెనక్కి తేరిపార చూసి, "అమ్మాయ్, నీ కారులో దీపాలు కొడిగడుతున్నాయేమిటే?" అన్నారు.

వేరే రోజైతే ఆ మాటకి నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ దీపాలు కొట్టుకోవడం నేను అప్పటికి పదిహేను రోజులుగా చూస్తున్నాను. స్పీడు చూపించే ముల్లు వెనకాల ఉండే వెలుతురు ఉన్నట్టుండి తగ్గుతుంది, రెప్ప వేసేలోపు మళ్ళీ వస్తుంది. స్పీడ్ బ్రేకరు దాటినప్పుడు మరీను.

మరి పదిహేను రోజులూ ఏం చేశావంటారా? ఒకసారి మా వారికి చెప్పాను. "బండి నడుస్తోందిగా, సర్వీసుకి ఇచ్చినప్పుడు చూద్దాంలే" అన్నారు. మర్నాడు పగలు ఆయన తీసుకెళ్తే ఏమీ కనిపించలేదట. పగలు డ్యాష్‌బోర్డు దీపాలు వెలగనే వెలగవు, కనిపించడానికేముంది! ఆ తర్వాత నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది 41వ ఏట. ఆలస్యంగా నేర్చుకున్న ఆడవాళ్ళకి ఈ సంగతి తెలుసు: కారు మీద ఏ గీత పడినా, ఏ చప్పుడు వచ్చినా ముందు మన ఖాతాలోనే రాస్తారు. "నీ చేతికొచ్చాకే ఇలా అయింది" అనిపించుకోవడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను. రాజమండ్రి హాస్టల్లో ఉన్న అమ్మాయిని తీసుకురావడానికి శనివారం రాత్రిళ్ళు ఏడీబీ రోడ్డు మీద అదే కారులో వెళ్ళొస్తూ కూడా మూసుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

అత్తయ్యగారు అన్న మాట మాత్రం ఇంట్లో చెల్లింది. "అమ్మ కూడా చూసిందా? అయితే రేపే చూపిద్దాం" అన్నారు మా వారు. సాక్షి దొరికితే గానీ మన కళ్ళు చూసింది నిజం కాదన్నమాట. సరే, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

మర్నాడు ఒక షెడ్డుకి వెళ్ళాం. అక్కడి మెకానిక్ ఇంజను స్టార్టు చేయించి, లైట్లు ఒకసారి వేసి ఆర్పి, "ఆల్టర్నేటర్ పోయింది సార్. మార్చాలి. 14,000 అవుతుంది" అన్నాడు. మా వారు తలూపబోతున్నారు. నేను ఉండబట్టలేక "ఎలా తెలిసింది బాబూ?" అని అడిగాను. అతను మా వారి వైపే చూస్తూ, "లైట్లు కొట్టుకుంటున్నాయంటే అదే సార్" అన్నాడు. మీటరు పెట్టలేదు, ఒక్క వైరు కదిపి చూడలేదు. రెండు రోజులాగి వస్తామని చెప్పి బయటపడ్డాం. దారిలో మా వారు, "అందరి ముందూ అలా అడుగుతావేమిటి?" అని విసుక్కున్నారు. ఆయన్ని తప్పు పట్టను. బండి సంగతి నాకు తెలియదని పైకి అనడం మగవాళ్ళకి మహా కష్టం. ఆ ఒక్క మాటా మనం సులువుగా అనగలం. ఇలాంటి చోట్ల మనకి కలిసొచ్చేది అదే.

పిల్లలు చిన్నప్పుడు జ్వరమొస్తే మనం డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళేవాళ్ళం కాదు. ఎప్పుడు మొదలైంది, ఏ పూట ఎక్కువగా ఉంటోంది, ఎంత ఉంది, ఏం తిన్నాక వాంతి అయింది... అన్నీ చెప్పేవాళ్ళం. కారుకీ అదే చేద్దామనుకున్నాను. పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీలో నాలుగు ప్రశ్నలు రాసుకుని, రెండు రాత్రులు చూశాను.

మొదటి ప్రశ్న: కొట్టుకునేది డ్యాష్‌బోర్డు ఒక్కటేనా, మిగతా దీపాలు కూడానా? మా గేటు ఎదురుగా కారు ఆపి హెడ్‌లైట్లు వేసి చూశాను. గేటు మీద పడే వెలుతురు కూడా సన్నగా ఊగుతోంది. డ్యాష్‌బోర్డు ఒక్కటే కొట్టుకుంటూ ఉంటే జబ్బు దాని వరకే అనుకోవచ్చు. చాలా కార్లలో ఆ వెలుతురు పెంచి తగ్గించే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. దాని లోపల దుమ్ము చేరినా, అరిగినా ఇలాగే అవుతుంది. దాన్ని ఆ చివర నుంచి ఈ చివరికి పదిసార్లు తిప్పితే ఒక్కోసారి అదే సర్దుకుంటుంది. లేదంటే మీటర్ల వెనకాల ఉండే ప్లగ్గో, ఫ్యూజో వదులై ఉండొచ్చు. అన్ని దీపాలూ కలిసి కొట్టుకుంటున్నాయంటే మాత్రం కరెంటు వచ్చే దారిలోనే ఏదో ఉంది.

రెండో ప్రశ్న: బండి నిలబడి ఉండగా యాక్సిలరేటరు కాస్త తొక్కితే తేడా వస్తోందా? నాకు రాలేదు. ఇది చాలా ముఖ్యం. ఆల్టర్నేటర్ బలహీనపడినా, దాన్ని తిప్పే బెల్టు జారుతున్నా, ఇంజను వేగం పెరిగితే వెలుతురు మారుతుంది. సామాన్యంగా నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు మసక, తొక్కితే వెలుగు.

మూడో ప్రశ్న: ఏసీ ఫ్యాను ఎక్కువలో పెట్టి, హెడ్‌లైట్లు వేస్తే పెరుగుతోందా? పెరిగింది. నాలుగో ప్రశ్న: గతుకుల్లో పెరుగుతోందా? పెరిగింది. గతుకులకి పెరిగిందంటే ఎక్కడో ఒక బిగింపు వదులైందనే ముందు అనుమానించాలి.

ఈ కారు కరెంటు లెక్క మన మేడ మీద నీళ్ళ ట్యాంకు లాంటిదే. బ్యాటరీ ట్యాంకు. ఆల్టర్నేటర్ మోటారు. ఇంజను తిరుగుతున్నంత సేపూ మోటారే ట్యాంకు నింపుతూ ఇంటికంతటికీ నీళ్ళిస్తుంది. వంటింట్లో కుళాయి సన్నగా వస్తోందంటే మోటారు కాలిపోయిందని మీరు కొత్తది కొనేస్తారా? ముందు పైపులో ఎక్కడ పాచి పట్టిందో, ఎక్కడ కీలు వదులైందో చూస్తారు. కారులో ఆ పైపులు రెండు రకాలు. ఒకటి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకెళ్ళే వైర్లు. రెండోది, మనమెవరం పట్టించుకోనిది, కరెంటు తిరిగొచ్చే దారి. కారు ఇనప బాడీయే ఆ దారి. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒకటి, ఇంజనుకి ఒకటి లావుపాటి వైర్లు బిగించి ఉంటాయి. మెకానిక్‌లు దాన్ని ఎర్త్ అంటారు. ఆ బిగింపు దగ్గర తుప్పు పడితే దీపాలన్నీ ఇలాగే కొట్టుకుంటాయి. మా కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, పదేళ్ళు దాటిన కారుకి తుప్పు పట్టడంలో వింతేముంది?

ఆదివారం పొద్దున్న బానెట్ తెరిచాం. మా అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు, వాడి సొరుగులో మల్టీమీటర్ ఉంది. లేకపోయినా కొనుక్కోవచ్చు, మామూలు రకం మంచి నైటీ ఖరీదు ఉండదు. పని మొదలుపెట్టే ముందు నేను చేసింది గాజులు, ఉంగరం తీసేసి, నల్లపూసలు జాకెట్టులోకి తోసి, పైట దోపుకోవడం. ఈ మాట మెకానిక్ పుస్తకాల్లో ఉంగరాల వరకే రాస్తారు, మన సంగతి మనమే చెప్పుకోవాలి. బంగారంలో కరెంటు బాగా పారుతుంది. బ్యాటరీ ప్లస్‌కీ ఇనుముకీ మధ్య గాజు అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి ఒలిచేస్తుంది. తిరిగే బెల్టులో కొంగు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రేడియేటర్ ఫ్యాను ఇంజను ఆపాక కూడా కొన్ని కార్లలో దానంతటదే తిరుగుతుంది. బ్యాటరీ దగ్గర నిప్పు అసలు పనికిరాదు, దాన్నుంచి మండే వాయువు వస్తుంది. ఆదివారం పూజ చేసి అగరొత్తి పట్టుకుని కారు చుట్టూ తిప్పే అలవాటున్న వాళ్ళు బానెట్ మూసి ఉన్నప్పుడే తిప్పండి.

మీటరుని డీసీ వోల్టుల్లో 20 దగ్గర పెట్టాలి. ఎర్ర వైరు వోల్టులని రాసి ఉన్న రంధ్రంలోనే ఉండాలి, ఆంపియర్ల రంధ్రంలో కాదు. ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ముల్లు మైనస్ మీద. రాత్రంతా కదలని బండికి 12.6 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12 కిందికి దిగితే బాగా ఖాళీ అయినట్టు. మాది 12.5. ఇంజను స్టార్టు చేస్తే 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో చార్జింగ్‌ని కంప్యూటరే పెంచి తగ్గిస్తుంది కాబట్టి ఒక్కోసారి తక్కువ చూపించొచ్చు. మాది పాత బండి, 14.1 చూపించింది. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 14 దగ్గరే నిలబడింది. అంటే ఆ 14,000 రూపాయల మోటారు శుభ్రంగా పని చేస్తోంది!

అప్పుడు ఎర్త్ చూశాం. ఇంజను నడుస్తుండగా, దీపాలు వేసే ఉంచి, నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ దిమ్మ మీద పెట్టి, ఎర్ర ముల్లు ఇంజను ఇనుము మీద ఆనించాను. 0.1. బాగుంది. అదే ఎర్ర ముల్లు కారు బాడీకి ఉన్న రంగు లేని బోల్టు మీద ఆనిస్తే 0.8. ఈ దారిలో 0.2 కంటే ఎక్కువ పోకూడదు. మా వారు లోపల కూర్చుని నేను "వెయ్యండి" అంటే లైట్లు వేస్తున్నారు, "ఆపండి" అంటే ఆపుతున్నారు. మా అబ్బాయి అది ఫోన్లో వీడియో తీసి దాచుకున్నాడు, అది వేరే కథ.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద పచ్చగా తెల్లగా పేరుకున్న బూజు లాంటిది మేమే శుభ్రం చేశాం. ఇంజను ఆపి, తాళం తీసి, పది నంబరు పానాతో ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర్న మైనస్. ఎందుకంటే మైనస్ ఉండగా ప్లస్ విప్పబోతే, పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. గోరువెచ్చటి నీళ్ళలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ బూజు బుసబుసమని పొంగి వదిలిపోతుంది. చేతులకి తొడుగులు వేసుకోండి, కళ్ళలో పడనివ్వకండి. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు. తుడిచి, ఆరబెట్టి, బిగించాక పైన కాస్త వాజలిన్ రాస్తే తొందరగా మళ్ళీ పట్టదు. తర్వాత గడియారం, రేడియో మళ్ళీ సెట్ చేసుకోవాలి, అంతే. ఒక్కమాట, ఇంజను నడుస్తుండగా మాత్రం బ్యాటరీ వైరు ఎప్పుడూ విప్పకండి. "ఇలా విప్పితే ఆల్టర్నేటర్ బాగుందో లేదో తెలుస్తుంది" అని కొందరు పాతకాలం వాళ్ళు చెప్తారు. ఇప్పటి కార్లలో కంప్యూటర్లు పాడైపోతాయి.

బాడీ ఎర్త్ బోల్టు బ్యాటరీ ట్రే కింద తుప్పుతో కరుచుకుపోయి ఉంది. మాకు రాలేదు. బలవంతం చేస్తే విరుగుతుందని వదిలేసి, సోమవారం ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి నేనే వెళ్ళాను. "బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి 0.8 వోల్టు పోతోందండీ. చార్జింగ్ 14.1 ఉంది. ఆ ఎర్త్ వైరు చూస్తారా?" అన్నాను. ఆయన "ఎవరు చూశారమ్మా?" అన్నారు. "నేనే" అన్నాను. "సరే, బానెట్ తియ్యండి" అన్నారు. తన మీటరుతో ఆయనా చూసుకున్నారు. బోల్టు విప్పి, కింద ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త వైరు వేసి బిగించారు. అరగంట పని. వైరుతో కలిపి 450 రూపాయలు తీసుకున్నారు. ఆ రాత్రి గేటు ముందు నిలబెట్టి చూస్తే ఒక్క దీపమూ కదల్లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 13,550 రూపాయలు మిగిల్చానని గొప్ప చెప్పుకోవడానికి మాత్రం కాదు (కాస్త ఉంది, కాదనను). నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఇంట్లో కారు నడిపే ఆడవాళ్ళు కారుని చూసుకునే ఆడవాళ్ళు కూడా కావాలి.

మా చెల్లెలు దీనికి వెంటనే అడ్డుపడింది. "ఉన్న చాకిరీ చాలదా అక్కా? వంట మనమే, పిల్లల చదువులు మనమే, పెద్దవాళ్ళ మందులు మనమే. ఇప్పుడు కారు కూడా నెత్తినెత్తుకోవాలా?" అంది. న్యాయమైన మాటే. నేను దాన్ని తోసెయ్యను. కానీ నేను అడిగేది రిపేరు చెయ్యమని కాదు. చూసింది చూసినట్టు చెప్పమని, చెప్పింది వినేదాకా ఊరుకోవద్దని. ఎందుకంటే ఆ రాత్రిళ్ళు ఏడీబీ రోడ్డు మీద పిల్లతో ఉన్నది నేను, మా వారు కాదు. దీపాలు ఆరిపోతే ఆ చీకట్లో నిలబడాల్సింది మేమిద్దరం. ప్రాణం మనదైనప్పుడు తెలివిడి ఇంకొకరి దగ్గర ఎందుకుండాలి?

అందుకే డ్యాష్‌బోర్డు వెలుతురు కొట్టుకోవడానికీ, అందులో ఒక ఎర్ర గుర్తు కొట్టుకోవడానికీ తేడా కూడా తెలిసి ఉండాలి. బ్రేకు వేసినప్పుడో మలుపు తిరిగినప్పుడో ఎర్రటి బ్రేకు గుర్తు మిణుకుమంటే, ముందు హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించారో లేదో చూసుకోండి. దించి ఉంటే బ్రేక్ ఆయిల్ తగ్గిందేమో. దాన్ని రేపటికి వాయిదా వెయ్యకూడదు. నూనె డబ్బా లాంటి ఎర్ర గుర్తు మిణుకుమంటే వెంటనే పక్కకి ఆపి ఇంజను కట్టేసి, ఇంజన్ ఆయిల్ చూడాలి. ఇంటిదాకా వెళ్దాంలే అనుకుంటే ఇంజనే పోవచ్చు. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగి ఆరకపోతే చార్జింగ్ లేదని అర్థం. ఏసీ, పాటలు ఆపేసి, దీపాలున్న చోటుకో పెట్రోలు బంకుకో చేరండి, మధ్యలో ఇంజను ఆపకండి, మళ్ళీ స్టార్టు కాకపోవచ్చు. కానీ దాంతోపాటు ఇంజను వేడి చూపించే ముల్లు పైకెక్కినా, కాలిన వాసన వచ్చినా అక్కడే ఆపెయ్యాలి. కొన్ని బళ్ళలో ఆల్టర్నేటర్‌నీ నీళ్ళ పంపునీ తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే రెండూ ఆగిపోతాయి.

మెకానిక్ దగ్గరికెళ్తే "లైట్లు కొట్టుకుంటున్నాయి" అని ఊరుకోకండి. ఎప్పుడు, ఏం వేసినప్పుడు, ఎక్కడ అన్నది చెప్పండి. ఏదైనా మార్చాలంటే "మీటరు పెట్టి చూపించండి" అనండి. నిజం చెప్పేవాడు చూపిస్తాడు. చూపించనివాడికి దండం పెట్టి వచ్చెయ్యండి.

ఈ శనివారం అమ్మాయిని తీసుకొస్తూ దారి పొడుగునా ఆ నాలుగు ప్రశ్నలూ దానికి చెప్పాను. విని విని, "మరి పదిహేను రోజులు ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. దానికి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. "నువ్వు మాత్రం అలా ఉండకు" అన్నాను.

అత్తయ్యగారు ఇప్పుడు కారెక్కగానే ముందు డ్యాష్‌బోర్డు చూస్తారు. "బాగా వెలుగుతోందే" అని, ఆ తర్వాతే బెల్టు పెట్టుకుంటారు.